మా చిల్లిగవ్వ సారు

మా తెలుగు సారు పోయిన కబురు నాకు ఒక పూట ఆలస్యంగా అందింది. చర్ల దాటి లోపలికి వస్తే ఫోను ఎప్పుడు పలుకుతుందో దానిష్టం. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఉడకబెడుతుంటే, సారు చెల్లెలు వేంసూరు నుంచి ముందురోజు సాయంత్రం పంపిన మాట అప్పుడు వినబడింది. "అన్నయ్య పోయాడమ్మా. రేపు మధ్యాహ్నం సమాధి చేస్తాం. నీకు మరీ మరీ చెప్పమన్నాడు."

ఎందుకు చెప్పమన్నారో నాకు తెలుసు. మీకు తెలియాలంటే సారు సంగతి కొంచెం చెప్పాలి.

మా ఆశ్రమ పాఠశాలకు వచ్చిన సార్లు చాలామంది వచ్చిన రోజు నుంచే బదిలీ కోసం ఎదురుచూసేవారు. ఈయన మాత్రం రిటైరైనా చర్లలోనే గది కిరాయికి తీసుకొని ఉండిపోయారు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళడం, తర్వాత ఏదో ఒక ఊరికి నడిచిపోవడం, అంతే ఆయన షికారు. డబ్బు మీద సామెత ఎవరి నోట వచ్చినా దాని పుట్టుక చెప్పందే వదిలేవారు కాదు. "దమ్మిడీ ఆదాయం లేదు, గడియ తీరిక లేదు" అని ఎవరైనా విసుక్కుంటే, "దమ్మిడీని ఎప్పుడైనా చూశావా?" అని మొదలుపెట్టేవారు. ఎర్ర ఏగాణీ ఎర్రగా ఎందుకుందంటే రాగిది కాబట్టి. డబ్బు అన్నదే ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరట. మా జవాబులకు కూడా అణాల్లోనే మార్కులు. "ఇది పన్నెండణాల జవాబు. మిగతా నాలుగణాలు పట్టుకురా" అనేవారు. రూపాయికి పదహారణాలు కాబట్టి నిండైనదాన్ని పదహారణాలది అంటారని, అది ఆయన చెప్పాకే మాకు తెలిసింది.

ఒకరోజు క్లాసులో చిల్లిగవ్వ వంతు వచ్చింది. వెనకటికి గవ్వలే చిల్లర. చిల్లి పడ్డ గవ్వను కోమటి తీసుకోడు. సారు బల్ల ముందు కోమటిలాగా కూర్చొని, లేని గవ్వను ఒక్క వేలితో వెనక్కి నెట్టి, "నడవదు, తీసుకపో" అన్నారు. అందరూ నవ్వారు. నేను లేచి, "మా ఇంట్ల గవ్వలన్నిటికీ చిల్లులే ఉన్నయ్ సార్" అన్నాను. ఈసారి నన్ను చూసి నవ్వారు. సారు నవ్వలేదు.

ఆ ఆదివారమే మా ఊరొచ్చారు. మాది కోయ ఇల్లు. పండగనాడు మగవాళ్ళు పెట్టుకొని ఆడే అడవిదున్న కొమ్ముల తలపాగాకు మా అవ్వ గవ్వలు కుడుతోంది. గవ్వ వీపును రాతి మీద అరగదీస్తే చిల్లి పడుతుంది, అందులోంచి దారం పోతుంది. సారు మురిసిపోయి జేబులోంచి నోటు తీసి, ఒక గవ్వ ఇమ్మన్నారు. అవ్వ మొహం మాడిపోయింది. "కొమ్ముల గవ్వ అమ్మరాదు పంతులూ" అంది. సారు నోటు జేబులో పెట్టుకొని, సాయంత్రం దాకా ఆమె పక్కన కూర్చొని దారాలు ఎక్కించి ఇచ్చారు. అప్పటి నుంచి చిల్లిగవ్వ పాఠం చెప్పిన ప్రతిసారీ రెండూ చెప్పేవారు. అంగట్లో నడవనిదే తలపాగాకు పనికొస్తుందని. పిల్లలు చాటుగా పెట్టిన పేరు కూడా ఆయనకు తెలుసు. దానికి మురిసిపోయేవారు.

కిడ్నీలు చెడిపోయాక చెల్లెలు వచ్చి వేంసూరు తీసుకుపోయింది. పోయిన ఎండాకాలం చూడడానికి వెళ్ళాను. మనిషి మంచానికి అంటుకుపోయాడు. మాట మాత్రం అదే.

"పోయేటప్పుడు చిల్లిగవ్వ కూడా వెంట రాదంటారు గదమ్మా. మీ అవ్వ కుట్టిన గవ్వ ఒకటి తెచ్చి నా చొక్కా జేబులో వెయ్యి. సామెత ఎట్లా నిలబడుద్దో చూద్దాం."

"ఏం మాటలన్నయ్యా అవి" అని చెల్లెలు కసురుకుంది. సారు నవ్వి, నా చెయ్యి పట్టుకున్నారు. "తమాషాకు కాదు. నిజంగానే అడుగుతున్నా." తెస్తానన్నాను. ఆయనకు పెళ్ళాం పిల్లలు లేరు. వెంట ఏదో ఒకటి ఉండాలనిపించిందేమో.

అందుకే కబురు విన్నాక ముందు ఎటు పోవాలో తేల్చుకోవాల్సి వచ్చింది. నేరుగా బస్సెక్కితే ఆఖరి చూపు దక్కవచ్చు. గవ్వ కోసం మేనమామ ఊరికి పోతే అదీ అనుమానమే. అవ్వ పోయాక తలపాగా ఆయన దగ్గరే ఉంది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మామ ఊరికే పోయాను.

గవ్వ సంగతి చెబితే మామ తల అడ్డంగా ఊపాడు.

"బయటోళ్ళకు ఇయ్యరాదు బిడ్డా. అవ్వ ఉంటే ఒప్పుకోకపోయేది."

"దారాలెక్కించింది ఆయనే కద మామా. ఆయన బయటోడా?"

మామ లోపలికి పోయి తలపాగా దించాడు. కత్తితో దారం కోసి, చివరి గవ్వను నా చేతిలో పెట్టాడు. "ఇగ ఇది ఆయనది. జల్దీ పో."

మా గతుకుల రోడ్డు సంగతి తెలిసిందే. భద్రాచలంలో బస్సు దొరికేసరికే పొద్దు నడినెత్తి దాటింది. నేను వేంసూరు చేరేటప్పటికి సమాధుల దగ్గర ఎవరూ లేరు, సారు చెల్లెలు తప్ప. కొత్త మట్టి మీద పూలదండలు అప్పుడే వాడుతున్నాయి. పిడికిలి విప్పి చూపించాను. ఆమె గవ్వను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెట్టె మూసేదాకా గుమ్మం వైపు చూస్తానే ఉన్నానమ్మా. ఇంకెంతసేపు ఆపగలం?"

ఆయన ముఖమూ చూడలేదు, మాటా నిలబెట్టుకోలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. గవ్వను మట్టిలో గుచ్చుదామనుకున్నాను గానీ, ఆయన అడిగింది జేబులో. పైన పెడితే వెంట వెళ్ళినట్టు కాదు.

తిరిగొచ్చి మామకు ఇవ్వబోతే ఆయన చెయ్యి చాచలేదు. "సచ్చినాయనకు ఇచ్చింది మళ్ళ కొమ్ములకు కుట్టరాదు బిడ్డా. నీ దగ్గరనే ఉంచుకో." అప్పటి నుంచి అది నా పర్సులోనే ఉంది.

మొన్న చర్లలో ఉప్పు పొట్లం కొన్నాను. సిగ్నల్ లేక ఫోనులో డబ్బులు పోలేదు. పర్సు బోర్లించి బల్ల మీద చిల్లర పోశాను. షావుకారు రూపాయి బిళ్ళలన్నీ ఏరుకొని, మిగిలినదాన్ని ఒక్క వేలితో నావైపు నెట్టాడు.

"గిది నడవదమ్మా."

"అవ్, నడవదు" అని తీసి పర్సులో వేసుకున్నాను.