చెవితో కొన్న బొగ్గు

తెనాలిలో బొగ్గును చెవితో కొనే మనిషి సామ్యేలు గారొక్కరే. అందరూ బస్తా మూతి విప్పి చూసి కొనేవారు. ఆయన ఒక్కో ముక్కనూ ఇంకో ముక్కతో తట్టి, చేతి గడియారం ఆడుతోందో లేదో చూసుకున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. ఖంగుమంటే ఇటు, దబ్బుమంటే అటు. అరబస్తా బొగ్గు కొనడానికి ఒక పూట పట్టేది. లేచి వెళ్లేసరికి కుడి చెవి నల్లగా నిగనిగలాడేది.

బొగ్గుల కొట్టు బసవేశ్వరరావుకు పంతొమ్మిది వందల ఎనభై ఆరు నుంచీ శనివారమంటే దడ పట్టుకుంది. తాలూకాఫీసులో గుమాస్తాగా రిటైరైన సామ్యేలు గారు ఆ ఏడాదే ఒక పాత ఆయిల్ డ్రమ్మును నిలువునా కోయించి, మీద ఇనప జాలీ వేయించి, ఆదివారం చర్చి కాగానే పెరట్లో చేపలు కాల్చడం మొదలుపెట్టారు. ఆ చేపలకు వీధిలో మంచి పేరొచ్చింది. ఆ బొగ్గు కోసం కొట్టులో జరిగే విచారణకు మాత్రం బసవేశ్వరరావు బలి.

"చేపలు కాల్చుకోవడానికి ఇంత పరీక్ష ఏంటండి? మా అమ్మాయికి సంబంధం కూడా ఇంత చూడలేదు," అన్నాడొకసారి.

"సంబంధం పేలదు కదండి. బొగ్గు పేలుతుంది," అన్నారు సామ్యేలు గారు, ఇంకో ముక్క చెవికి ఆనించుకుంటూ. "ఇది పిట్టలవానిపాలెం వైపు సరుగుడు బొగ్గు. వానలో తడిసింది."

"మీకెలా తెలుసు?"

"అదే చెబుతోంది."

ఆ ముక్క నిజంగానే తడిసిన బస్తాలోది. బసవేశ్వరరావుకు ఒళ్లు మండింది. మండదూ మరి? ఆయన పక్కన పెట్టిన దబ్బు ముక్కల గుట్ట చూసి, వచ్చినవాళ్లు వచ్చినట్టే పక్క కొట్టుకు పోయేవారు.

ఒక శనివారం సామ్యేలు గారు ఏరిన బొగ్గు రిక్షాలో వేయించుకుని, గొడుగు మాత్రం కొట్టులో మరిచి వెళ్లారు. బసవేశ్వరరావు ఆ గొడుగు పట్టుకుని సైకిలెక్కాడు. గంగానమ్మపేట మలుపు తిరిగేసరికి, ఒక ఇస్త్రీ పాక ముందు రిక్షా ఆగి ఉంది. తన కొట్టు బస్తా పాకలోకి దిగింది. పాకలోంచి ఇంకో బస్తా రిక్షా ఎక్కింది. సామ్యేలు గారు దానితో ఇంటిదారి పట్టారు.

'ఓహో, నా దగ్గర గంటలు గంటలు ఏరి, ఇక్కడ అమ్ముకుంటున్నాడన్నమాట' అనుకుని బసవేశ్వరరావు పాక ముందు సైకిల్ దిగాడు.

ఇస్త్రీ చేసే అన్నమ్మ పెట్టెలోకి కొత్త బొగ్గు సర్దుతోంది.

"ఏమ్మా, నేను బొగ్గుల కొట్టు బసవేశ్వరరావుని. ఈ బొగ్గు ఆయన ఎంతకిచ్చాడు?"

"అమ్మడమా? మార్చుకున్నామన్నయ్యా. పాపం, ఆయనకు బొగ్గు ఎంచడం చేతకాదు. ప్రతి శనివారం పొగ రాని బొగ్గే కొనుక్కొస్తాడు. చేపలకు పొగ తగలాలట. నా దగ్గర ఉన్నదంతా పొగే. ఇంటిముందుకు తోపుడుబండి మీద వచ్చేది అదే. పెట్టె వదిలి బజారుకు నేనెక్కడ వెళ్లను?"

"మరి నీకు ఈ బొగ్గు పనికొస్తుందా?"

"నాకు బ్రహ్మాండంగా ఉంది. పేలదు, రవ్వ ఎగరదు." అన్నమ్మ గొంతు తగ్గించింది. "ఈ పాక పెట్టిన మొదట్లో ఒకసారి నా బొగ్గు పేలి, ఒకాయన తెచ్చిన పట్టుచీర కాలిపోయింది. నా పెళ్లి చీర ఇచ్చి సర్దుకున్నా. చర్చివాళ్లు సాయం చేస్తామన్నారు, వద్దన్నా. చేతులున్నాయి కదా నాకు. ఆ రోజు సామ్యేలు గారు చొక్కాల కోసం వచ్చి ఇక్కడే నిలబడి ఉన్నారు. ఆ తర్వాతే ఆయనకు ఈ చేపల పిచ్చి పట్టింది."

బసవేశ్వరరావు చేతిలోని గొడుగును మళ్లీ సైకిలుకు తగిలించాడు.

"మీ కొట్టులోనే కొంటాడు కదా," అంది అన్నమ్మ. "మీరైనా ఆయనకు కాస్త చూసి ఇవ్వండన్నయ్యా. నేనున్నాను కాబట్టి సరిపోతోంది."

"సరేనమ్మా. ఆయనకు చేతకాదు, నిజమే," అన్నాడు బసవేశ్వరరావు.

మర్నాడు మధ్యాహ్నం గొడుగు ఇచ్చే మిషతో సామ్యేలు గారి పెరట్లోకి వెళ్లాడు. పెరడంతా పొగ. డ్రమ్ములో బొగ్గు టపటపా పేలుతోంది. సామ్యేలు గారు ముక్కుకు తువాలు కట్టుకుని, ఎర్రటి కళ్లతో పండుగప్ప చేపలు తిప్పుతున్నారు. ఆయన భార్య కృపమ్మ విసనకర్రతో పొగను పక్కింటివైపు తోలుతోంది.

"నిన్న అన్నమ్మను కలిశానండి," అన్నాడు బసవేశ్వరరావు.

సామ్యేలు గారి చెయ్యి ఆగిపోయింది. "ఏం చెప్పారావిడకు?"

"మీకు బొగ్గు ఎంచడం చేతకాదని ఆవిడ అంది. నేను అవునన్నాను."

సామ్యేలు గారు తువాలు కిందికి లాగి ఊపిరి పీల్చుకున్నారు. "మంచి పని చేశారు. నిజం తెలిస్తే ఆ బొగ్గు ముట్టుకోదండి."

"ఇంకా గట్టిగా చెప్పాల్సిందన్నయ్యా," అంది కృపమ్మ, దగ్గుతూ. "ఈయనకు చేతకానివి ఇంకా చాలా ఉన్నాయి."

సామ్యేలు గారు ఉన్నవాటిలో పెద్ద చేప తీసి అరిటాకులో పెట్టి ఇచ్చారు. బసవేశ్వరరావు మర్యాదకు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. రెండో ముక్కకు మర్యాద అక్కర్లేకపోయింది. చేప ముల్లు దాకా పొగ పట్టి ఘుమఘుమలాడుతోంది. చేప సగం తిన్నాక, ముప్పై ఏళ్లుగా మేలురకం బొగ్గు అమ్ముతున్న ఆ మనిషి చుట్టూ చూసి నెమ్మదిగా అడిగాడు:

"సామ్యేలు గారూ, ఆ పొగ బొగ్గు తోపుడుబండి అన్నమ్మ వీధికి ఏ రోజు వస్తుందండి?"