బ్లీచింగ్ నీళ్లకు నేనే గట్టు

డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాక, కడియంలో మా మావయ్య నర్సరీలో చేరాను. అక్కడి మేస్త్రి సూరిబాబు గారికీ నాకూ మొదటి రోజు నుంచే పడేది కాదు. గ్రీన్‌హౌస్‌లో సిమెంటు దారి నిండా పాచి పట్టి, పనివాళ్లు జారిపడుతున్నారు. ఊక చల్లి కొబ్బరి పీచుతో రుద్దిద్దామన్నాను. ఆయన బకెట్ నిండా నీళ్లు పట్టి బ్లీచింగ్ పౌడర్ కలిపారు.

"ఆ నీళ్లు పల్లానికి పోయి గులాబీ అంట్లలో చేరతాయండి."

"చదువుకున్నోళ్లు పక్కకి తప్పుకుంటే మేం పని చేసుకుంటామండి," అంటూ గుమ్మరించేశారు.

ఆపుదామని ఒక్క అడుగు వేశాను. రెండు కాళ్లూ జారి, దారికి అడ్డంగా వెల్లకిలా పడ్డాను. నీళ్లు నా పక్కటెముకల దాకా వచ్చి ఆగాయి. అవతల, మర్నాడు లారీ ఎక్కాల్సిన అంట్లన్నీ ఉన్నాయి.

చప్పుడు విని మావయ్య పరుగెత్తుకొచ్చాడు. నేను లేవబోయాను.

"లేవకురా. అలాగే ఉండు."

"వీపు మండుతోంది మావయ్యా."

"నీకు మండుతుందంతే. అవి చస్తాయి."

ఆడవాళ్లు ఊక బస్తాలు తెచ్చి అడ్డుకట్ట వేసేదాకా అలాగే పడుకున్నాను. సూరిబాబు గారు కూడా ఊరుకోలేదు. "కొంచెం ఎడమకి జరగండి, అటు కారిపోతోంది," అని సలహా ఇచ్చారు.

మర్నాడు అంట్లు ఒక్క ఆకైనా వాడకుండా లారీ ఎక్కాయి. నా వీపు తోలు వారం పాటు ఊడింది. సూరిబాబు గారితో మాటలు అప్పుడే ఆగిపోయాయి. మా కుటుంబంలో నా స్థానం మాత్రం స్పష్టంగా తెలిసింది. గులాబీ అంటుకు కాస్త దిగువన.