మా ఇంట్లో రెండో కండక్టరు

శ్రీముఖలింగం దేవుడి మీద ఒట్టు, నా మెడలో వేలాడే ఈల మీద ఒట్టు, ఇప్పుడు రాయబోయేదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. నవ్వండి. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సుకి నేను కండక్టర్ని. నా కబుర్ల కోసం ముందొచ్చిన బస్సు వదిలేసి నా బస్సుకి నిలబడ్డవాళ్లున్నారు. నాగావళి వరదలో మా బస్సు పడవలా తేలిపోయి, అవతలి ఒడ్డున సరిగ్గా స్టాపు దగ్గరే ఆగిన సంగతి చెబుతుంటే, దిగాల్సిన ఊరు దాటిపోయినా దిగనివాళ్లున్నారు.

ఒక్క మనిషి మాత్రం నా కథ ఏదీ చివరిదాకా వినలేదు. మా ఆవిడ.

ఆవిడ పుట్టిల్లు గుడిలో పాట పాడే ఇల్లు. తను ఆడపిల్లల బడిలో పాటల టీచరు. నేను బస్సు నీళ్లలో దిగిందనే దాకా వస్తే చాలు, "సర్లెండి, ఆ బస్సు ములగదని నాకు తెలుసు. అన్నం సల్లారిపోతాది, లెగండి" అనేది. పదిహేనేళ్ల కాపురంలో ఆవిడ ముందు నా బస్సు ఒక్కసారి కూడా అవతలి ఒడ్డు చేరలేదు.

అరవైల ఆఖర్లో ఒక సాయంత్రం ఆవిడ బడి నుంచి నున్నటి కాగితాల పత్రిక ఒకటి తెచ్చింది. ఆ రోజుల్లో ఢిల్లీ నుంచి పరాయి దేశాల వాళ్లు బడులకి ఇలాంటి బొమ్మల పత్రికలు ఊరికే పంపేవారు. ఇది పోలండు దేశానిది. సంగీతం గురించి ఉందని హెడ్మిస్ట్రెస్ గారు మా ఆవిడ చేతిలో పెట్టారట.

"ఏటండీ, ఇందులో ఒకాయన బతుకు కథ రాశారు. ఆయనా కండక్టరేనట."

"ఏ రూటు?" అన్నాను.

ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బొమ్మ చూపించింది. నెరిసిన జుట్టు, నల్ల కోటు, చేతిలో సన్నటి పుల్ల. ఎదురుగా వందమంది వాయిద్యాలు పట్టుకుని ఆ పుల్ల కేసే చూస్తున్నారు.

"ఈయనేటి వాయిస్తాడు?"

"ఏటీ వాయించడు. అందరి సేతా వాయింపిస్తాడు."

"బస్సు తోలకుండా ఈలేసేవాడన్నమాట. నాలాగే."

"మీరు ఈలేస్తే ఒక్క డ్రైవరు వింటాడు. ఆయన సెయ్యెత్తితే వందమంది వింటారు."

నా కడుపుమంట ఆ మాటతో అంటుకుంది.

ఆయన పేరు నోరు తిరగదు, అందుకే ఇక్కడ రాయడం లేదు. రోజూ సాయంత్రం ఆవిడ డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేరా చదివి నాకు తెలుగులో చెప్పేది. దర్జీ కొడుకట. యుద్ధంలో ఇల్లూ వయొలినూ తగలబడిపోయాయట. యుద్ధం అయ్యాక కప్పు లేని బడిలో పిల్లల్ని పోగేసి, వాయిద్యాలు లేవు కాబట్టి చప్పట్లతోనే, గొంతుల్తోనే పాట నేర్పాడట. పేరొచ్చి పెద్ద హాళ్లలో పుల్ల తిప్పుతున్నా, వారానికోసారి రైలెక్కి ఆ పిల్లల దగ్గరికే పోయేవాడట. "ఎంత మంచి మడిసో సూడండి" అనేది. బొమ్మ కత్తిరించి గోడ మీద మా మావగారి ఫోటో పక్కన అంటించింది. ఆ గోడ మీద నా ఫోటో లేదు. ఎప్పుడూ లేదు.

కథ మూడు సంచికల్లో వస్తుందన్నారు. రెండోది ఎక్కడాగిందంటే, పిల్లల పెద్ద కచేరీ వారం ఉందనగా ఆయన కుడిచెయ్యి పడిపోయింది. పుల్ల ఎత్తకూడదన్నాడు డాక్టరు. మిగతాది పై సంచికలో.

ఆ పై సంచిక రాలేదు. నెల పోయింది, రెండు నెలలు పోయాయి. మొదట్లో నాకు పండగలా ఉండేది. తర్వాత చూస్తే ఆవిడ కూనిరాగం కూడా మానేసింది. "శ్రీకాకుళంలో బస్సు గంటసేపు ఆగుతాది కదా. అక్కడి లైబ్రరీలో సూడండి ఒకసారి" అని బతిమాలింది. పరాయి మగాడి చెయ్యి బాగుపడిందో లేదో కనుక్కోడానికి నన్ను పంపుతోంది!

వెళ్లాను. ఉంది. ఇంటికి పట్టుకెళ్లనివ్వం అన్నారు, అక్కడే చదివి బుర్రలో పెట్టుకున్నాను. తిరుగు బస్సు చిలకపాలెం దాటాక ఇంక ఉండబట్టలేక డ్రైవరు చెవిలో అన్నాను.

"సంపేద్దామా బావా?"

"ఎవల్ని?"

"పోలండోడిని. పోయాడని సెప్పేస్తే మా ఇంట్లో పీడ వదులుతాది."

"ఆడు నీకేటి సేసినాడ్రా బావా? ముందెల్లి టిక్కెట్లు కొట్టు."

ఇంటికొచ్చేసరికి ఆవిడ కత్తిపీట ముందు బెండకాయలు తరుగుతోంది. చంపుదామనే నోరు తెరిచాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆ మొహం చూశాక చంపలేకపోయాను. కచేరీ రోజున ఆయన పుల్ల లేకుండానే వచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడని చెప్పాను. పిల్లలు ఆయన్ని చూడడం మానేసి, పక్కవాళ్లు ఊపిరి తీసుకోవడం చూసి, ఒక్కసారే పాట ఎత్తుకున్నారని చెప్పాను.

ఆవిడ "సర్లెండి" అనలేదు. "తరవాత?" అంది. పదిహేనేళ్లు ఎదురుచూసిన మాట అది.

ఆ ఏడు బడి వార్షికోత్సవంలో ఆవిడ పిల్లల ముందు నిలబడి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు, ఊపిరి తీసుకున్నారు, ఒక్కసారే పాట ఎత్తుకున్నారు, అంతే. అరుస్తున్న చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు. పాట అయ్యాక హెడ్మిస్ట్రెస్ గారు లేచొచ్చి, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" అన్నారు.

"పోలండు మేస్టారి పద్ధతండి" అంది మా ఆవిడ. మూడో వరసలో ఉన్న నా కేసి చూడనైనా లేదు.

"ఏటి బావా, నీ పెళ్లాన్ని అంతమంది పొగుడుతుంటే మొకం అలా మాడ్సుకున్నావు?" అన్నాడు పక్కనున్న డ్రైవరు.

ఇంక ఒట్టు సంగతి. పైన రాసిందంతా నిజమే, ఒక్క లైబ్రరీ తప్ప. అక్కడ ఆ పత్రిక లేదు. ఎచ్చెర్లకీ రణస్థలానికీ మధ్య చావొకటీ, ఆ ఆఖరు ముక్కొకటీ, రెండూ అల్లింది నేనే. బస్సు కిక్కిరిసిపోయి నా రెండు చేతులూ టిక్కెట్లతో నిండిపోతే, జనం నా కేసి చూడరు. పక్కవాడి భుజం కదిలితే తామూ జరుగుతారు. అది చూసి అల్లాను. అంటే ఊరంతా మెచ్చుకున్న పద్ధతి నాది, పేరు ఆ ముసలాడిది. నాదని చెబుదామంటే, ఆవిడ చివరిదాకా విన్న ఒక్క కథా వెళ్లి ఆ నాగావళిలో పడిపోతుంది.

అసలు మూడో సంచిక ఆర్నెల్ల తర్వాత వచ్చింది. ఆవిడకోసం హెడ్మిస్ట్రెస్ గారు నా చేతికే ఇచ్చారు. చెయ్యి బాగుపడిందట, మళ్లీ పుల్ల పట్టుకున్నాడట, అంతే. ఇంతోటి దానికి మూడు సంచికలు! అది అటక మీద నా పాత ఖాకీ సంచిలో ఉంది. ఆయన బొమ్మ గోడ మీదే ఉంది.

ఈ కాగితాలు ఆవిడ కంటబడతాయని భయం లేదు. బస్సు నీళ్లలో దిగిన చోటే "సర్లెండి" అని పక్కన పడేస్తుంది.