మేక మెడలో పసుపు రిబ్బను

లెక్కలు చెప్పబోయి ఒక మేక ప్రాణం మీదికీ, నా ఉద్యోగం మీదికీ తెచ్చిన ఘనత నాది. నవ్వుకోండి, ఫరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

తొంభైల్లో సంగతి. విజయనగరం నుంచి వెళ్ళి అరకు పైన ఒక కొండ ఊళ్ళో మేస్టారుగా చేరాను. ఒకటే పాక, అదే బడి. ట్రైనింగులో "పిల్లలకు రంగులు చూపించి లెక్కలు చెప్పండి" అన్నారు. నాకా, ఉత్సాహం పొంగి పొర్లే వయసు. సంతలో రంగురంగుల రిబ్బన్లు కొని, బడి చుట్టూ మేసే పిల్లల మేకలకు కట్టేశాను.

"ఎర్ర రిబ్బను మేకలు రెండు, ఆకుపచ్చవి రెండు. మొత్తం ఎన్నర్రా?"

"నాలుగు." పాక కప్పు లేచిపోయిందనుకోండి.

"పసుపుది కూడా కలిపితే?"

"అయిదు."

ఆ పసుపుది సుక్రి మేక. తల్లి మేక చచ్చిపోతే, ఆ ఏడేళ్ళ పిల్ల గంజి పట్టి పెంచుకుంది. నా అంతటి పంతులు ఏజెన్సీ మొత్తంలో లేడనుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

సాయంత్రం సుక్రి ఏడుస్తూ వచ్చింది. వెనకే ఊరి మొక్కులూ ముహూర్తాలూ చూసే దిసారి తాత వచ్చాడు.

"ఎవులు కట్టినారు మేస్టారూ, ఇది?"

"నేనే తాతా. బాగుందా?"

"మేక మెడకి పసుపు కడితే కొండదేవతకి మొక్కినట్టే. ఇంక దీన్ని కోసీవాల."

"మొక్కు కాదు తాతా. పిల్లలకు కూడికలు రావాలని కట్టాను."

"అదేకదా మొక్కంటే. సరే, కూడికలు వచ్చిన్నాడు కోద్దుం."

గండం గడిచిందనుకున్నాను. మర్నాటి నుంచి బడికి తెగులు పట్టింది. రెండూ రెండూ ఎంతంటే ఒకడు మూడంటాడు, ఒకర్తి ఏడంటుంది. గింజలు పోశాను, అరిచాను, బతిమాలాను. నాలుగనే అంకె కొండ దిగి వెళ్ళిపోయింది. ఎందుకో నా మట్టిబుర్రకు తట్టలేదు సుమండీ.

సరిగ్గా అప్పుడే పాడేరు నుంచి తనిఖీకి ఆఫీసరు గారు జీపులో దిగారు.

"రెండూ రెండూ ఎంతమ్మా?"

"అయిదండి" అంది సుక్రి.

"మూడండి." "ఆరండి." తక్కినవాళ్ళూ అందుకున్నారు.

ఆఫీసరు గారు నావైపు తిరిగారు. "ఏమయ్యా, పొరపాటునైనా ఒక్కరు నాలుగనరేం?" తర్వాత సుక్రిని దగ్గరకు పిలిచారు. "నిజం చెప్పు పాపా. లెక్కలు రాకపోతే మీ మేస్టారిని పంపించేస్తాను."

సుక్రి నన్ను చూసింది. గుమ్మం బయట మేకను చూసింది. బావురుమంది.

"మేకా ఉండాల, మేస్టారూ ఉండాల. రెండూ కలిపితే ఎన్నో నాకు తెలుసు గానీ, నాను సెప్పను."

అప్పటికి గానీ నాకు వెలగలేదు. కథంతా ఆఫీసరు గారికి చెప్పాను.

గుమ్మం దగ్గర కూర్చున్న దిసారి తాత నవ్వు దాచుకుంటూ, "ఈలకి కూడికలు బేగి రావు బాబూ. సానా ఏళ్ళు పడతాది" అన్నాడు. ఆఫీసరు గారు నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ జీపెక్కారు. నా ఉద్యోగం నిలిచింది.

ఆ మేక ముసలిదై తనంతట తాను పోయేదాకా మా బడిలో ఎవరికీ కూడికలు రాలేదు. గుణకారాలు మాత్రం దివ్యంగా వచ్చాయి. ఆ పిల్లల్ని తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

కొండదేవత సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో మేకకు రిబ్బను కట్టను. రెండూ రెండూ ఎంతని ఎవరడిగినా, చుట్టుపక్కల మేక లేదని చూసుకున్నాకే నోరు విప్పుతాను.