కవరు మీద అమ్మ పేరు

డిగ్రీ పాసైన వారమే ఉద్యోగం ఇంటర్వ్యూకని పుదుచ్చేరిలో ఢిల్లీ రైలెక్కాను, అదీ కంపెనీ వాళ్లు పంపిన టికెట్టుతో ఫస్ట్ క్లాస్ ఏసీలో. తలుపున్న గది, మెత్తటి పరుపు, కిటికీకి తెరలు! ఎదురు సీటులో ఉన్న నెల్లూరు పెద్దావిడకు కూర్చోగానే చెప్పేశాను.

"మా ఇంట్లో ఫస్ట్ డిగ్రీ నాదే అవ్వా!"

"శబాష్ పాపా! అద్దాలు ఇంట్లో మర్చిపోయొచ్చినాను, ఈ తెలుగు పేపరు కొంచెం చదివిపెట్టు."

నా సంబరమంతా దిగిపోయింది. "మాట్లాడేది ఇంట్లో వచ్చింది అవ్వా. చదవను రాదు. బళ్లో తమిళమే."

"డిగ్రీ చేసి ఇదేంది పాపా!" అని నవ్వి, "మీ అమ్మ పేరేంది?" అంది.

"సరోజ."

దుప్పట్లు వచ్చిన కాగితం కవరు మీద మూడక్షరాలు పెద్దగా రాసి, పెన్ను నా చేతికిచ్చింది. విజయవాడలో దిగిపోయింది. ఢిల్లీ చేరేసరికి కవరు నిండా అమ్మ పేరే.

ఇంటికొచ్చి, ఇదంతా నీ పేరేనని చూపిస్తే, చదువు రాని అమ్మ, "ఇందులో నేను యాడుండానే?" అంది. తన వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించాను.

ఇప్పుడు తెలుగు పేపరంతా చదువుతాను. ఆ అవ్వ పేరే అడగలేదు. అడిగుంటే, అదీ రాసేదాన్ని.