పంతులుగారి పిల్లిమొగ్గ

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలీదు (బుద్ధంటే కూడా తెలీదని అమ్మ అనేది). తొమ్మిదో తరగతిలో ఉండగా టెక్కలిలో జిమ్నాస్టిక్స్ సెలక్షన్లకి పేరిచ్చేశాను. కాగితం మీద నాన్నగారి సంతకం లేనిదే బస్సెక్కనివ్వరు. నాన్నగారేమో పలాసలో పేరున్న పురోహితులు. "ఆడపిల్ల తలకిందులుగా దొర్లడమేటే? వద్దు" అని నెల్లాళ్లుగా ఒకటే మాట. గడువు మర్నాడనగా, కళ్లారా చూస్తే కరిగిపోతారనుకుని, హాల్లో బొంత పరిచి ఆయన ముందే పిల్లిమొగ్గ వేశాను.

నడినెత్తి ఠప్పున నేలకి కొట్టుకుంది. కాళ్లు వెళ్లి గోడకి తగిలాయి. క్యాలెండరు ఊడి నా మీద పడింది. "అయ్యయ్యో, పిల్ల మెడ విరుచుకుందండీ!" అని అమ్మ గోల. సంతకం ఇంక కల్లోమాటేనని నాకు ఏడుపొచ్చేసింది. నాన్నగారు మాత్రం కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "నెత్తి మీద పడతారటే ఎవరైనా? గడ్డం గుండెకి ఆనించాలి. బరువు అరిచేతుల మీద వెయ్యాలి. వీపు గుండ్రంగా వంచి భుజాల మీంచి దొర్లాలి. తల నేలకి తగలనే కూడదు" అన్నారు. నేనూ అమ్మా మొహమొహాలు చూసుకున్నాం.

అంతటితో ఆగారా! పంచె ఎగ్గట్టి గోచీ బిగించారు. ఆ పొట్టతోనే (అందులో ఎన్ని ఊళ్ల గారెలున్నాయో దేవుడికెరుక) ఒక్క దొర్లు దొర్లి, చెయ్యి ఆన్చకుండా లేచి నిలబడ్డారు. నేను తెరిచిన నోరు మూయలేదు. గృహప్రవేశం ముహూర్తం కోసం అప్పుడే గుమ్మంలోకొచ్చిన అక్కుపల్లి ఆసామి చేతిలో కొబ్బరికాయలు కింద పడేశాడు. "పంతులుగోరూ! ఏటైపోనాది బాబూ మీకు?"

"ఏం లేదు, కూర్చో" అని పిలక సర్దుకుని, ఆయాసపడుతూనే నా కాగితం అందుకున్నారు. "నీ వయసులో నాకూ పిలుపొచ్చిందే. మా నాన్నగారు సంతకం పెట్టలేదు."

"మరి నన్నెందుకు నెల్లాళ్లు ఏడిపించారు?" అని గయ్యిమన్నాను.

"ఏమోనే. నోరు తెరిస్తే ఆయన మాటే వచ్చేసింది" అంటూ సంతకం పెట్టేశారు.

టెక్కలిలో నన్ను తీసుకోలేదు లెండి. గడ్డం ఆనించాను గానీ, లేచేటప్పుడు చెయ్యి ఆన్చేశాను.

మొన్న మా అమ్మాయి పిల్లిమొగ్గ వేస్తానంటే "వద్దే, మెడ విరుగుతుంది" అనేసి, వెంటనే నాలిక్కరుచుకున్నాను. బొంత పరిచి నేనే వేసి చూపించాను. దొర్లడం బాగానే దొర్లాను. లేవలేక ఫ్యాను చూస్తూ పడుకుంటే, "ఏం చేస్తున్నావమ్మా?" అంది.

"తాతగారిని తలుచుకుంటున్నానే. ఓ చెయ్యి ఇలా ఇయ్యి" అన్నాను.