బాలనర్సింహ పంపని ఎత్తు

మొఘల్‌పురాలో నందు పాల దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మందికి బాలనర్సింహ కథ తెలుసు. బాలనర్సింహ నందుకు అన్న. పాలు కొలుస్తూనే నందు కొత్త గిరాకీకి కూడా ఆ కథ వినిపిస్తాడు.

"గా కుర్చీల కూసున్నాయన మా అన్న. ఎనుకట చెకోస్లొవేకియా మాస్టర్‌తోని షత్రంజ్ ఆడిండు భాయ్, పోస్టుకార్డుల మీద. గెలిచే ఆట. సర్కారోళ్లు నడుమల బంద్ చేయించిన్రు."

కుర్చీలోని మనిషి అవుననడు, కాదనడు. చేతిలోని పేపరు మడత మారుస్తాడు.

బాలనర్సింహకు డెబ్బై ఒక్కేళ్లు. కంచన్‌బాగ్‌లోని ఒక లోహాల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అక్కడి పని బయట చెప్పుకునేది కాదు. అందుకని గల్లీలో ఆయన గురించి చెప్పుకోవడానికి మిగిలింది ఆ చదరంగం ఆట ఒక్కటే. పెళ్లిలో కొత్త చుట్టాలకు పరిచయం చేయాలన్నా, ఫంక్షన్ హాల్లో ముందు వరస కుర్చీ ఇప్పించాలన్నా, ఆ ఆటే.

ఈ ఏడాది బోనాలకు ఇళ్లకు సున్నాలు వేస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం లావుపాటి కవరు వచ్చింది. చిరునామా 1984 నాటిదే: పాల దుకాణం పక్క ఇల్లు, మొఘల్‌పురా. పంపినామె పేరు ఆయనకు తెలియదు. ఊరి పేరు తెలుసు. ఆ ఊరి పేరు రాయడానికే ఒకప్పుడు ఆయన ఇంగ్లిషు అక్షరాలు కుదురుగా దిద్దుకున్నాడు.

సాయంత్రం నందు కూతురు సోనీ బ్యాంకు నుంచి వచ్చేదాకా కవరు చింపలేదు.

"పెద్దబాపు, ట్రెస్నాక్ అంటే నీతోని ఆడినాయనేనా?"

"సదువు ముందు."

లుబోర్ ట్రెస్నాక్ తమ ఊళ్లో గడియారాలు బాగుచేసేవాడని ఆ ఊరి చదరంగం క్లబ్బు నుంచి రాశారు. మాస్టరే అయినా పెద్ద పోటీలకు దేశం దాటి వెళ్లింది రెండేసార్లట. చుట్టుపక్కల ఊళ్లు దాటితే ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. ఫైర్ స్టేషన్ మీది గదిలో నలభై ఏళ్లు ఊరివాళ్లకు ఆట నేర్పి, ఎనభై నాలుగో ఏట పోయాడు. ఇప్పుడు ఆయన ఆటలన్నీ పుస్తకంగా వేస్తున్నారు. మొత్తం నూట పద్దెనిమిది. ఒక్కదానికి మాత్రం ఫలితం లేదు.

"గదే నీ ఆట," అంది సోనీ.

కవరులో ట్రెస్నాక్ నోటుబుక్కులోని ఒక పేజీకి జిరాక్సు ఉంది. అంచున చెక్ భాషలో రాసుకున్నదానికి క్లబ్బువాళ్లు ఇంగ్లిషు జతచేశారు. సోనీ ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది.

"ఇరవై ఆరో ఎత్తు నాకు సమజ్ కాలే. రాజును నడిమిట్ల ఎందుకు ఇడిసిపెట్టిండు? గింత మంచిగ ఆడెటోడు ఊకె ఇడువడు. నాకు కనబడనిది ఏదో ఉన్నది. జవాబు రాలే. నేను గెలిచిన అని రాసుకోను."

దాని కింద వేరు వేరు సిరాలతో మూడు తారీకులున్నాయి. 1991. 1998. 2006. మూడింటి పక్కనా ఒకే మాట, ఇంకా కనబడలేదు అని. ఆ ఎత్తు వెనుక మీ ఆలోచన ఏమిటో, ఆట ఎట్లా ముగిసిందో మీరు ఎలా చెబితే అలాగే అచ్చువేస్తామని ఉత్తరం ముగించారు.

"రాయవే సోనీ," అన్నాడు నందు దుకాణంలోంచే. "గెలిచెటోడు, సర్కారోళ్లు ఆపిన్రు అని రాయి. పుస్తకంల వస్తది."

"రేపు రాద్దాం," అని బాలనర్సింహ జిరాక్సు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి అన్నం సగంలోనే లేచాడు.

ఆయనకు ఆట నేర్పింది సైకిల్ దుకాణం ఖాజా భాయ్. దుకాణం ముందరి బల్ల మీద మేకుతో గీసిన గళ్లుండేవి. పదకొండో ఏట పాలు పోసి వస్తూ ఖాళీ క్యాను చేతిలోనే పట్టుకుని అక్కడ నిలబడేవాడు బాలనర్సింహ. ఆ బల్ల మీద గల్లీ కాయిదాలే, అంటే గల్లీ నియమాలే, నడిచేవి. బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే నడవాలి. బాద్‌షాకు, అంటే రాజుకు, మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కుంది. అదీ అప్పటిదాకా ఒక్క షహ్, అంటే చెక్, పడకుండా ఉంటేనే. "బాద్‌షా హై భాయ్, ఏక్ దఫా తో కూదేగా," అనేవాడు ఖాజా భాయ్, పంక్చరు అంటిస్తూ. ఇరవయ్యో ఏడు వచ్చేసరికి ఆ బల్ల దగ్గర బాలనర్సింహను ఓడించేవాళ్లు లేరు.

ప్రపంచం ఆడే కాయిదాలు నేర్పింది పక్క సందు విఠల్‌రావు. ఆయన గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. పోస్టులో ఆడే పోటీకి ఫారం తెప్పించింది కూడా ఆయనే.

"నాకు ఇంగ్లిష్ రాదు కద సార్."

"ఇంగ్లిష్‌తోని పనేముందయ్యా, అంకెలు వస్తయి కద."

నిజంగానే అంకెలు చాలు. ప్రతి గడికీ రెండంకెల పేరుంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడికో నాలుగంకెలు రాస్తే అది ఒక ఎత్తు. నల్ల రాజు ఇల్లు 58. అలా మొఘల్‌పురా మనిషీ, చెకోస్లొవేకియాలోని మొరావియాలో గడియారాలు బాగుచేసే మనిషీ మూడేళ్లపాటు మాట్లాడుకున్నారు. నెలకో కార్డు వచ్చేది. నీలం సిరా, ఏడు అంకెకు నడుమ చిన్న అడ్డగీత. కార్డు ఎప్పుడు అందిందో, జవాబు ఎప్పుడు రాశాడో రెండు తారీకులూ వేసేవాడు ట్రెస్నాక్. మూలన చిన్న బొమ్మ ఉండేది. ఒకసారి కిటికీ మీద మంచు, ఒకసారి మూత తీసిన గడియారం. సిగ్గుపడుతూనే బాలనర్సింహ ఒక ఎనుమును గీసి పంపాడు. ఆ నెల వచ్చిన కార్డులో అంకెల కింద మొదటిసారి ఒక వాక్యముంది. విఠల్‌రావు చదివి నవ్వాడు: "మీ బర్రె కొమ్ములు మస్తుగున్నయంటున్నడయ్యా."

పొద్దున షిఫ్టుకు సైకిల్ మీద వెళ్లేటప్పుడు, మిషన్ దగ్గర నిలబడి ఇనుము చల్లారేదాకా చూసేటప్పుడు, బాలనర్సింహ తలలో ఆ బల్లే పరుచుకుని ఉండేది.

1987 వేసవిలో ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఆఫీసరు కృపాకర్ కార్డులన్నీ తీసుకుని రమ్మన్నాడు. అలాంటి చోట పనిచేసే మనిషికి విదేశం నుంచి నెలనెలా కార్డు రావడం, అందులో అంకెలు తప్ప మాటలు దాదాపు లేకపోవడం ఎవరికైనా అనుమానమే. బాలనర్సింహ చొక్కా చెమటకు తడిసిపోయింది. జేబులో ఆ రోజు పోస్టు చేయవలసిన కార్డుంది. దాని మీద 5877 అని రాసి ఉంది.

కృపాకర్ బీరువాలోంచి చదరంగం డబ్బా తీశాడు. "ఇవి ఆట ఎత్తులే అంటున్నవు కద. ఆడి చూపెట్టు."

కార్డు వెంట కార్డు చదువుతూ బాలనర్సింహ పావులు జరిపాడు. గంట పట్టింది. చివరికి తెల్ల ఏనుగు నల్ల రాజుకు సూటిగా వచ్చి నిలిచింది. నడుమ అడ్డుగా ఉన్న నల్ల గుర్రం కదలడానికి లేదు. రాజు తప్పుకుందామంటే పక్క గడిని తెల్ల ఒంటె కాస్తోంది.

"ఇప్పుడు ఎత్తు నీది. ఆ జేబుల కార్డు ఏంది?"

బాలనర్సింహ నల్ల రాజును ఎత్తి, గుర్రంలా దూకించి, 77లో పెట్టాడు.

కృపాకర్ 77 గడి మీద వేలు పెట్టాడు. నవ్వలేదు. "రాజు గిట్ల దూకుతడా బాలనర్సింహా?"

అప్పుడు తెలిసింది. మూడేళ్లు తప్పులేకుండా ప్రపంచం కాయిదాల మీద ఆడి, ఒక్క ఎత్తు ముందు తనకు తెలియకుండానే ఖాజా భాయ్ బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ దూకుడును నమ్ముకునే రాజును నడిమధ్యలో వదిలాడు. దూకుడు లేకపోతే ఇంక ఆట లేదు.

"నీ మీద అనుమానం ఏం లేదు," అన్నాడు కృపాకర్ కార్డులు తిరిగి ఇస్తూ. "మంచిగ ఆడుకో. కార్డు వచ్చినప్పుడల్లా నాకొక మాట చెప్పు, చాలు."

ఇంటికి వచ్చేసరికి నందు గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమన్నరన్నా? బంద్ చేయమన్నరా?"

బాలనర్సింహ అవునన్నట్టు తల ఊపాడు. అంతే. తర్వాత కథంతా నందే పెంచుకున్నాడు.

ఆ తర్వాత ఇంకో రెండు కార్డులు వచ్చాయి. మొదటిదానిలో పాత ఎత్తే మళ్లీ రాసి ఉంది. రెండోదానిలో అంకెలు లేవు. ఒక ఎనుము బొమ్మ ఉంది. కొమ్ములు కుదరక రెండుసార్లు దిద్దినట్టుంది. విఠల్‌రావుకు కూడా చూపించకుండా రెండింటినీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

ఆదివారం పొద్దున ఆ పెట్టెను దుకాణం వెనుక గదిలోకి తెచ్చాడు. నందును పిలిచాడు. సోనీ కాగితం, పెన్నుతో కూర్చుంది. బాలనర్సింహ భార్య ఆండాలు చాయ్ గ్లాసులు పెట్టి గడప దగ్గరే నిలబడింది.

"సర్కారోళ్లు ఆట ఆపలే," అన్నాడు బాలనర్సింహ. "ఆడుకో అన్నరు. నేనే ఓడిపోతున్న. అందుకే రాయలే."

నందు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"అంటే గిన్నేండ్లు గిరాకీకి నేను అబద్ధం చెప్పిననా అన్నా?"

"నువ్వు చెప్పలే. నేను చెప్పనిచ్చిన."

"గందుకేనా గీ పెట్టెను నన్ను ముట్టనియ్యకపోతివి?" అంది ఆండాలు. "నేనేమో ఎవ్వతో రాసిన ఉత్తరాలనుకున్న. ముప్పై ఎనిమిదేండ్లు ఊకెనే కుళ్లుకున్న."

నందు కొంచెం ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఆయన పోయిండు. ఆ ఆఫీసర్ పోయిండు. ఇంక ఎవలికి తెలుస్తదన్నా? గట్లనే రాయనియ్యి."

బాలనర్సింహ జేబులోంచి జిరాక్సు కాగితం తీసి మూడు తారీకుల మీద వేలు పెట్టాడు. "సూసినవా? పందొమ్మిదేండ్లు ఎతికిండురా. నేను చేసిన గల్తీల ఏదో తెలివి ఉన్నదని ఎతికిండు. ఒక్క కార్డు రాస్తే అయిపోవు."

"ఏం గల్తీ? ఏదీ, పెట్టి సూపెట్టు."

బాలనర్సింహ బల్ల పరిచి పావులు పెట్టాడు. నందు ప్రపంచం కాయిదాలు ఏనాడూ నేర్వలేదు. చిన్నప్పుడు ఖాజా భాయ్ దగ్గర ఆడిందే ఆయన ఆట. బల్లను ఇటూ అటూ చూశాడు.

"షహ్ పడ్డదా దీనికి?"

"పడలే."

నందు నల్ల రాజును తీసి, గుర్రంలా దూకించి, 77లో టక్కుమని పెట్టాడు. "గిదే కద ఎత్తు. ఇగ గుర్రం పోయి వజీర్‌ను పట్టుకుంటది. గల్తీ ఏడున్నది?"

బాలనర్సింహ నవ్వాడు. నవ్వు ఆగక కళ్లు తుడుచుకున్నాడు. ఆండాలు ఏమైందోనని గడప దాటి లోపలికి వచ్చింది.

"రాయి బిడ్డా," అన్నాడు సోనీతో. "ఆట ట్రెస్నాక్ సార్ గెలిచిండు. నేను ఓడిన. గదే అచ్చు వెయ్యమను. నన్ను ఎవ్వలు ఆపలేదని రాయి. సార్‌కు కనబడనిది ఏందంటే, మా గల్లీల బాద్‌షా ఒక్కసారి దూకుతడు. అది సార్‌కు ఎట్ల కనబడతది, వాళ్ల కాయిదాలల్ల లేకపాయె. గా బల్ల ఏడ ఉండేనో, ఎవలు నేర్పిన్రో, ఖాజా భాయ్ పేరు పెట్టి రాయి."

సోనీ రాసింది. పెట్టె అడుగు నుంచి బాలనర్సింహ ఒక కార్డు తీశాడు. చెమటకు ఒక మూల సిరా అలుక్కుంది. 5877. ముప్పై ఎనిమిదేళ్ల కింద అతికించిన స్టాంపు ఊడిపోయింది. కింద తారీకు ఒక్కటే ఉంది. ట్రెస్నాక్ అలవాటు ప్రకారం బాలనర్సింహ రెండో తారీకు కూడా వేశాడు, ఆ రోజుది. కార్డును ఉత్తరంలో పెట్టి కవరు అంటించి, మర్నాడు శాలిబండ పోస్టాఫీసుకు నడిచి వెళ్లి, రిజిస్టరు చేయించి వచ్చాడు.

వారం తర్వాత దుకాణానికి కొత్త గిరాకీ వచ్చాడు. గల్లీలో కొత్తగా కిరాయికి దిగిన మనిషి. పాలు కొలుస్తూ నందు అలవాటుగా మొదలుపెట్టాడు.

"గా కుర్చీల కూసున్నాయన మా అన్న. ఎనుకట చెకోస్లొవేకియా మాస్టర్‌తోని..." అక్కడ ఆగి అన్న వైపు చూశాడు. "మాస్టర్‌తోని షత్రంజ్ ఆడిండు భాయ్. మా కాయిదాలతోనైతే గెలిచే ఆట."

బాలనర్సింహ పేపరు దించాడు.

"ఓడిపోయిన," అన్నాడు. "ముందుగాల పాలు పొయ్యి."